గ్రంథాలయమూ - రాయబారమూ

ఒక రాజ్యం మరొక దేశంలో రాయబార కార్యాలయం పెట్టుకుంటే మనకు ఆశ్చర్యం లేదు. వర్తక బృందాన్ని పంపితే ఎందుకు పంపిందో ఇట్టే తెలిసిపోతుంది. కాని వుచితంగా గ్రంథాలయం తెరిచి, అందరూ వచ్చి చదువుకోండి అని పిలిస్తే ఏమనుకోవాలి? దీనికి మనలో రెండు సమాధానాలు వాడుకలో వున్నాయి. అది వట్టి సామ్రాజ్యవాద ప్రచారమని కొందరు కొట్టిపారేస్తారు. విజ్ఞానానికి ఎల్లలు లేవు గనక దానికి రాజకీయాలు అంటగట్టరాదని మరికొందరు వాదిస్తారు. చరిత్రను కాస్త నిదానంగా పరిశీలిస్తే ఈ రెండూ సగం సమాధానాలేనని తేలుతుంది. ఇందుకు అమెరికా విదేశాల్లో నడిపిన గ్రంథాలయాల చరిత్రను మించిన వుదాహరణ లేదు.

1938లో మెక్సికో ప్రభుత్వం విదేశీ చమురు కంపెనీల ఆస్తులను జాతీయం చేసింది. అందులో స్టాండర్డ్ ఆయిల్ ఆస్తులు కూడా వున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చేసరికి పొరుగు దేశాల స్నేహం అమెరికాకు అవసరమైంది. లాటిన్ అమెరికాతో సాంస్కృతిక, వాణిజ్య సంబంధాలు చూడడానికి ఒక ప్రత్యేక కార్యాలయం పెట్టి, దానికి నెల్సన్ రాక్‌ఫెల్లర్‌ను అధిపతిగా నియమించింది. స్టాండర్డ్ ఆయిల్ స్థాపకుడి మనుమడే ఈ రాక్‌ఫెల్లర్. 1942 ఏప్రిల్‌లో మెక్సికో నగరంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గ్రంథాలయం తెరుచుకున్నది ఈ కార్యాలయం డబ్బుతోనే. కాబట్టి దాని పుట్టుకలో చమురు వాసన లేదనడం అమాయకత్వమే అవుతుంది.

కాని చూడవలసింది ఇంకొకటి వుంది. డబ్బు ప్రభుత్వానిదైనా నిర్వహణను అమెరికన్ గ్రంథాలయ సంఘానికి అప్పగించారు. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయానికి డైరెక్టరుగా పనిచేసిన హ్యారీ లైడెన్‌బర్గ్ దాని తొలినాటి సారథి. ఆయన ప్రచారకుడు కాదు, గ్రంథపాలకుడు. అలమరలకు తాళాలు లేవు. పాఠకుడే వెళ్లి పుస్తకం తీసి చూసుకోవచ్చు, ఇంటికీ పట్టుకెళ్లవచ్చు. మెక్సికో విద్యార్థి అక్కడికి వెళ్లింది రాక్‌ఫెల్లర్ మీద ప్రేమతో కాదు. తనకు కావలసిన వైద్యశాస్త్రమో, ఇంజనీరింగు పుస్తకమో, నవలో అక్కడ దొరికింది గనక వెళ్లాడు. పంపినవాడి వుద్దేశం ఒకటి, చదివినవాడి అవసరం మరొకటి. ఈ రెండూ కలిసిన మేరకే రాయబారం ఫలించింది.

సరిగ్గా ఇక్కడే ఒక పెద్ద వైరుధ్యం ఎదురవుతుంది. మెక్సికోలో అందరికీ తెరిచిన తలుపు అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో నల్లవారికి మూసివుంది. రచయిత రిచర్డ్ రైట్ యువకుడుగా మెంఫిస్ నగరంలో వున్నప్పుడు గ్రంథాలయంలో పుస్తకం తీసుకునే హక్కు అతనికి లేదు. తెల్లవాడైన తోటి వుద్యోగి కార్డు అడిగి తెచ్చుకుని, ఆ తెల్లాయనే పంపినట్లు చీటీ రాసి, నౌకరు వేషం కట్టి పుస్తకాలు తెచ్చుకున్నాడు. ఈ సంగతి అతనే 1945లో అచ్చయిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1939 ఆగస్టులో వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో అయిదుగురు నల్లజాతి యువకులు నిశ్శబ్దంగా కూర్చుని చదవబోతే పోలీసులు అరెస్టు చేశారు. 1961 మార్చి 27న మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో టూగలూ కళాశాల విద్యార్థులు తొమ్మిదిమంది తెల్లవారి గ్రంథాలయంలో కూర్చుని చదవబోయిన నేరానికి జైలుకు వెళ్లారు. ఆనాటికి విదేశాల్లో అమెరికన్ గ్రంథాలయాలు ఎన్నెన్ని దేశాల ప్రజలను ఆహ్వానిస్తున్నాయో! ఇంట్లో వాళ్లకు పెట్టని అన్నం వూరంతా పంచితే, తిన్నవాడు ఏదో ఒకనాడు ఇంట్లో సంగతి అడగకమానడు.

ఆ అడిగే పాఠకుడికి నిజం చెప్పగల పుస్తకాలు ఆ అలమరల్లోనే వుండేవి. లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత్వం, హోవర్డ్ ఫాస్ట్ చారిత్రక నవలలు, డాషియల్ హామెట్ అపరాధ పరిశోధన నవలలు విదేశీ పాఠకులు చదివారు. తమ దేశంలోని అన్యాయాన్ని తమ రచయితే రాసిన పుస్తకాన్ని పరాయి దేశంలో పెట్టగలగడం ఏ ప్రభుత్వానికైనా బలమే. సెనేటర్ మెకార్తీకి ఇది అర్థం కాలేదు. 1953 ఏప్రిల్‌లో అతని అనుచరులు రాయ్ కోన్, డేవిడ్ షైన్ యూరప్ నగరాలు తిరిగి, గ్రంథాలయాల్లో కమ్యూనిస్టుల పుస్తకాలకోసం వెతికారు. పాతికేళ్లు దాటీ దాటని కుర్రవాళ్లు! హ్యూస్, ఫాస్ట్, హామెట్ ముగ్గురూ విచారణ ముందు నిలబడవలసి వచ్చింది. కమ్యూనిజంతో పోరాడవలసి వస్తే మీరు ఇలాంటి పుస్తకాలు కొంటారా అని అడిగితే, నేనే పోరాడుతూ వుంటే జనానికి అసలు పుస్తకాలే ఇవ్వనేమో అన్నాడు హామెట్. దెబ్బ సూటిగా తగిలింది. చదువంటే భయపడేవాడు గ్రంథాలయం నడపలేడు.

విదేశాంగ శాఖ వరుసగా ఆజ్ఞలు జారీచేసింది. పుస్తకాలు అలమరలనుంచి దిగిపోయాయి. కొన్నిటిని నిజంగానే కాల్చినట్లు విదేశాంగమంత్రి డల్లెస్ ఒప్పుకోవలసి వచ్చింది. 1933లో హిట్లర్ అనుయాయులు పుస్తకాలు తగలబెట్టిన జర్మనీలో, ఆ గాయాన్ని మాన్పడానికే అన్నట్లుగా యుద్ధం తర్వాత అమెరికా గ్రంథాలయాలు తెరిచింది. ఇప్పుడు అదే జర్మనీలో పాఠకులు తాము చదివిన పుస్తకాలు మాయం కావడం కళ్లారా చూశారు. ఏళ్లతరబడి సంపాదించిన గౌరవం కొద్ది వారాలలో కరిగిపోయింది. 1953 జూన్ 14న డార్ట్‌మత్ కళాశాలలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పుస్తకాలు కాల్చేవారితో చేరవద్దని విద్యార్థులకు చెప్పవలసి వచ్చింది. ఆ నెలలోనే అమెరికన్ గ్రంథాలయ సంఘం పఠన స్వేచ్ఛ గురించి ప్రకటన చేసింది. ఆ సంస్థను మనం అభినందించాలి.

ఇంతవరకూ పరాయివాళ్ల తప్పులు లెక్కపెట్టాం. ఇదే గీటురాయి మనవాళ్లకూ వర్తింపజేయాలి కదా? మాస్కో ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసి చౌకధరకు పంపిన పుస్తకాలు మన అభ్యుదయ పాఠకులను ఎంతగా తీర్చిదిద్దాయో వేరే చెప్పనక్కరలేదు. ఉప్పల లక్ష్మణరావు వంటి రచయిత మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన పుస్తకాలు పల్లెటూళ్లకు చేరాయి. ఆ గ్రంథాలూ రాయబారులే. వాటి ద్వారా గోర్కీ, టాల్‌స్టాయ్ మనకు బంధువులయ్యారు. అయితే పాస్టర్నాక్ నవల ‘డాక్టర్ జివాగో’ను సొంత దేశం అచ్చు వేయలేదు. 1957లో అది ఇటలీలో వెలువడింది. సోవియట్ పాఠకుడికి 1988లో గాని బహిరంగంగా దక్కలేదు. అమెరికా గూఢచారి సంస్థ దాని రష్యన్ ప్రతిని రహస్యంగా అచ్చువేయించి 1958 బ్రస్సెల్స్ ప్రదర్శనలో పంచిపెట్టించింది. ఒకరు దాచారు, ఒకరు దొంగచాటుగా పంచారు. ఇద్దరిలో ఎవరికీ పాఠకుడి మీద గౌరవం లేదు. ఈ మాట చెప్పడానికి అభ్యుదయవాదులం మనం సంకోచించరాదు.

అట్లాగే మరొకటి. 1964 నవంబరులో కాంగోలో అమెరికా, బెల్జియం జోక్యానికి నిరసనగా కైరోలోని అమెరికన్ గ్రంథాలయాన్ని విద్యార్థులు తగలబెట్టారు. వారి ఆగ్రహం న్యాయమైనదే. కాని కాంగోలో దిగిన సైన్యానికి ఆ మంటవల్ల వెంట్రుకంత నష్టం లేదు. నష్టపోయింది మర్నాడు అక్కడ చదువుకోవలసిన ఈజిప్టు విద్యార్థే.

మరి గ్రంథాలయానికి అంతర్జాతీయ మైత్రిలో నిజమైన పాత్ర లేదా? తప్పక వుంది. 1951 అక్టోబరు 27న ఢిల్లీలో నెహ్రూ ప్రారంభించిన ప్రజా గ్రంథాలయాన్ని చూడండి. యునెస్కో, భారత ప్రభుత్వం కలిసి చేసిన ప్రయోగమది. పద్ధతి, సలహా బయటినుంచి వచ్చాయి. పుస్తకాలు మాత్రం ముఖ్యంగా జనం భాషల్లో, హిందీ, ఉర్దూలలో వున్నాయి. కొత్తగా అక్షరాలు నేర్చుకున్న పెద్దలకోసం కూడా అక్కడ ఏర్పాట్లు చేశారు. అంతిమంగా ఆ సంస్థ మనదయింది. ఇచ్చినవాడి పెత్తనం మిగలని కానుకే స్నేహానికి గుర్తు.

1991లో సోవియట్ యూనియన్ పోయింది. 1999లో అమెరికా సమాచార సంస్థ విదేశాంగ శాఖలో కలిసిపోయింది. ఆ ప్రభుత్వాలు ఆశించిన విధేయత ఎంత దక్కిందో గాని, పాఠకుల మనసుల్లో పుస్తకాలు నిలిచాయి. అంచేత పరాయి రాజ్యం తెరిచిన గ్రంథాలయం గడప తొక్కడానికి మనం భయపడనక్కరలేదు. గుడ్డిగా మురిసిపోనూ అక్కరలేదు. అక్కడ పుస్తకాలు ఎంచుతున్నది ఎవరు? అలమరలో లేని పుస్తకం ఏది? ఆ దేశంలోని పేదవాడికి కూడా అదే తలుపు తెరిచివుందా? ఈ ప్రశ్నలు వేసే అలవాటు మన విద్యార్థులకు నేర్పడం వుపాధ్యాయుల బాధ్యత. అవే ప్రశ్నలు మన కళాశాల గ్రంథాలయాన్ని గురించి, మన వూరి గ్రంథాలయాన్ని గురించి కూడా వెయ్యాలి.