కలకత్తాలో మొదలైన వేలిముద్రల వేట

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వలసవచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ రైల్వే పట్నంలో తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడివాళ్లు రైలెక్కి వెళ్లొచ్చే కలకత్తాలోనే 1897లో వేలిముద్రల బ్యూరో వెలిసింది. లండన్ స్కాట్లండ్ యార్డ్‌లో అలాంటిది పెట్టడానికి మరో నాలుగేళ్లు పట్టింది.

బెంగాల్‌కు అప్పటికే వేలిముద్రతో పరిచయం ఉంది. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామాను సరఫరాకు ఒప్పుకున్న రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం వెనక అరచేతి ముద్ర వేయించాడు. సంతకం నాది కాదని రేపు తప్పించుకోకుండా ఆ ఏర్పాటు. అది తెలిసి వేసిన ముద్ర. తెలియకుండా పడిన ముద్ర సంగతి జల్పాయిగురిలో తేలింది. అక్కడ ఒక టీ తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. ఆయన గదిలోని బెంగాలీ పంచాంగం అట్ట మీద గోధుమరంగు నెత్తుటి మరకలున్నాయి. ఒకటి కుడి బొటనవేలిది. లోగడ దొంగతనానికి జైలుకెళ్లిన పాత నౌకరు ముద్రతో అది సరిపోయింది. 1898లో కోర్టు అతన్ని దొంగతనానికి శిక్షించింది గాని, హత్యానేరం ఖరారు చేయడానికి ఆ ఒక్క ముద్ర చాలదంది.

వేల కాగితాల్లోంచి ఆ ఒక్కటీ దొరకాలంటే వాటికో వరస ఉండాలి. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్‌ఇన్‌స్పెక్టర్లు ఆ పద్ధతికి ప్రాణం పోశారు. పది వేళ్ల ముద్రల్నీ 1,024 గూళ్లలోకి సర్దే లెక్క హక్‌ది. అయినా ఆ పద్ధతి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతోనే చలామణీ అయింది. ఇది అన్యాయమే.

నెత్తుటి మరక కంటికి కనిపిస్తుంది. చెమట, నూనె మిగిల్చిన గీతలు కనిపించవు. వాటికి పొడి అద్దేవారు, అయితే నల్లటి వస్తువు మీద నల్ల పొడి ఏం చూపిస్తుంది? 1954లో నిన్‌హైడ్రిన్ అనే రసాయనం వచ్చి, చెమటలోని అమైనో ఆమ్లాలను కాగితం మీద ఊదారంగుకు తిప్పింది. 1977లో కెనడా పరిశోధకులు లేజర్ వెలుగులో ముద్ర తనంతట తానే మెరవడం చూపించారు. వారిలో ఒకరైన రోలాండ్ మెంజెల్ 2000లో కాడ్మియం సల్ఫైడ్ నానోస్ఫటికాలను ప్రయోగించాడు. ఆ రేణువు పరిమాణం మారితే అది వెదజల్లే రంగూ మారుతుంది.

అసలు చిక్కు ముద్రతో కాదు, దాని వెనకున్న రంగులతో. ఆ స్ఫటికాల్ని వెలిగించే అతినీలలోహిత కాంతిలో రంగురంగుల అట్టపెట్టె కూడా మెరిసి గీతల్ని మింగేస్తుంది. ఇటర్బియం, ఎర్బియం కలిపిన నానోరేణువులు ఇక్కడే అక్కరకొస్తాయి. 980 నానోమీటర్ల పరారుణ కాంతిని తాగి ఇవి పచ్చగా వెలుగుతాయి. అట్టపెట్టె ఆ కాంతికి మెరవదు కాబట్టి ముద్ర ఒక్కటే నిలబడుతుంది. రేణువు ఎంత సన్ననిదైతే చెమట రంధ్రాలు అంత స్పష్టం.

కాడ్మియం విషం. అందుకే ఇప్పుడు చూపు 2004లో బయటపడ్డ కార్బన్ చుక్కలనే మెరిసే నానోరేణువుల మీద పడింది. ఎండితే అవి ముద్దకట్టి మసకబారతాయి కాబట్టి పిండిపదార్థంతో కలిపి పొడి చేస్తున్నారు. ఇన్ని వచ్చినా నేరస్థలంలో పోలీసుల చేతిలో ఎక్కువగా ఉన్నది పాత కుంచె, పొడే.