వావిలి: నొప్పిని తగ్గించే ఆకు, దానికి జరిగిన పరీక్ష

పేర్లు

వావిలిని సంస్కృతంలో సింధువారమనీ, నిర్గుండి అనీ అంటారు. వినాయక చవితినాడు సమర్పించే ఇరవైయొక్క పత్రిలో సింధువార పత్రం ఇదే. తమిళంలో దీని పేరు నొచ్చి. మలేషియా తోటలలో తమిళులతో కలిసి జీవించిన మన కుటుంబాలలో కొందరికి ఆ పేరే గుర్తున్నది. శాస్త్రనామం వైటెక్స్ నెగుండో.

గుర్తింపు

ఇది పొదగా పెరుగుతుంది. ఒక్కొక్క కాడకు సాధారణంగా ఐదు, కొన్నిసార్లు మూడు కోల ఆకులుంటాయి. ఆకు అడుగుభాగం బూడిదరంగుగా ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పూలు లేత ఊదారంగువి. సముద్రతీరాన పెరిగే లెంగుండి అనే చెట్టు దీనికి దగ్గరి బంధువు, కాని వేరు జాతి. చవితినాడు మా ఆలయానికి వచ్చే పత్రిలోనూ వావిలి పేరుతో వేరే ఆకులు రావడం మేము చూశాము. కనుక పూలతో కూడిన కొమ్మను వృక్షశాస్త్రం తెలిసినవారికి చూపి నిర్ధారించుకోవడమే పరీక్షకు మొదటి మెట్టు.

పెద్దల వాడుక

కీళ్ళ నొప్పులకు ఆకును వేడిచేసి, మూటగట్టి, కాపడం పెట్టేవారు. బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించేవారు. జలుబుకు, తలనొప్పికి ఆవిరి పట్టేవారు. ఇవన్నీ ఒంటికి బయట చేసే చికిత్సలే.

పరీక్షించే విధానం

ముందుగా ఆకునుండి నీటితోగాని, ఆల్కహాలుతోగాని సారం తీస్తారు. ఎలుకలను గుంపులుగా విభజించి, ఒక గుంపుకు సారాన్ని, మరొక గుంపుకు మందులేని ద్రవాన్ని, ఇంకొక గుంపుకు ఇదివరకే తెలిసిన మందును ఇచ్చి, ఫలితాలను పోల్చి చూస్తారు.

వేడి పలక పరీక్షలో ఎలుక తన పాదాన్ని నాకడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో లెక్కిస్తారు. ఆలస్యమైతే నొప్పి తగ్గినట్లు. ఫార్మలిన్ పరీక్షలో నొప్పి రెండు దశలుగా వస్తుంది: మొదటిది నరాలకు నేరుగా తగిలినది, రెండవది వాపువల్ల కలిగినది. సముద్రపు నాచునుండి తీసిన క్యారాజీనన్‌తో పాదం వాచేటట్లు చేసి, ఆ వాపు ఎంత తగ్గిందో కొలవడం మరొక పద్ధతి.

తేలిన విషయం

2003లో ప్రచురితమైన ఒక శ్రీలంక పరిశోధనలో ముదురు పచ్చి ఆకుల నీటి సారాన్ని ఎలుకలకు నోటిద్వారా ఇచ్చారు. మోతాదు శరీర బరువులో కిలోకు 2.5, 5, 10 గ్రాములు. ఫార్మలిన్ పరీక్ష రెండు దశలలోనూ నొప్పి తగ్గింది. క్యారాజీనన్ వాపు తొలిదశలో తగ్గింది. పెద్దల మాట వట్టిది కాదని మేము సంతోషించాము.

అయినా ఒక భేదాన్ని గమనించాలి. ఎలుకలకు సారం తాగించారు; మన పెద్దలు ఆకును పైన పెట్టారు. కాపడంలో వేడి ఒక్కటే కూడా నొప్పిని తగ్గించగలదు. కాబట్టి మన వాడుకను సరిగా పరీక్షించాలంటే, మరొక ఆకును అంతే వేడిచేసి, రెండింటినీ మనుషులలో పోల్చి చూడాలి. ఎలుక మోతాదును మనిషికి లెక్కగట్టి కషాయం తాగడం తగదు.

జాగ్రత్తలు

కాపడం పెట్టుకుంటున్నామని వైద్యుడు ఇచ్చిన మాత్రలు మానరాదు. గర్భిణులు వైద్యుని అడగకుండా ఏ ఆకు సారాన్నీ లోపలికి తీసుకోరాదు. మలేషియాలో సంప్రదాయ ఔషధాలకు ప్రభుత్వ నమోదు ఉన్నది. నమోదైన వాటి సంఖ్య "ఎమ్ఏఎల్" అక్షరాలతో మొదలై "టి"తో ముగుస్తుంది. అది లేని కీళ్ళనొప్పి మందులు కొనవద్దు. మూలికల పేరిట అమ్మిన కొన్నిటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపినట్లు బయటపడింది.

మనం చేయవలసినది

మీ ఇంటి పెద్దలను అడిగి, ఏ ఆకు, ఎంత, ఎలా, ఏ నొప్పికి వాడారో వ్రాసిపెట్టండి. పరిశోధకునికి కావలసిన మొదటి ప్రశ్న వారి దగ్గరే ఉన్నది. వారు వెళ్ళిపోతే ఆ ప్రశ్న కూడా వారితోనే పోతుంది.

పదాలు

కాపడం: వేడి మూటను నొప్పి ఉన్నచోట అద్దడం.
కషాయం: ఆకులను, వేళ్ళను నీటిలో మరిగించి తీసిన రసం.
బాలింత: కొత్తగా ప్రసవించిన తల్లి.
పత్రి: పూజకు వాడే ఆకులు.