నీటిలో తోటా

జనగామ ప్రాంతమున బావి త్రవ్వించిన పెద్దలకు తోటా సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మన్ను పోయి బండ తగిలినంతనే వడ్డెరలు సమ్మెటతో రంధ్రము తొలిచి, మందు కూరి, వత్తి అంటించి గట్టెక్కుదురు. ఒక చప్పుడు, కొంత పొగ, పొరుగుచేనిలో రెండుమూడు రాళ్లు, అంతటితో సరి. ఆ తోటాయే నీటిలో ప్రేలినయెడల కథ వేరు.

1867లో నోబెలు డైనమైటుకు పేటెంటు పొందిన పిమ్మట, ఓడల దారికడ్డమైన శిలలను నీటిక్రిందనే బ్రద్దలుకొట్టుట సులువయ్యెను. 1885 అక్టోబరు 10న న్యూయార్కుచెంత హెల్‌గేట్ అను ఇరుకు జలమార్గమున సుమారు 3 లక్షల పౌనుల మందుతో ఒక పెద్ద బండను ఎగురగొట్టిరి. 1958 ఏప్రిల్ 5న కెనడాలో, ఎన్నో నావలను మింగిన రిపుల్ రాక్ అను శిలకు 1,375 టన్నులు పట్టెను. ఓడవారికది మేలే; కాదనను.

చేపల మాట యేమి? గాలివలె నీరు నొక్కబడదు. కావున ప్రేలుడు దెబ్బ అందులో బహుదూరము పోవును. చాల చేపల కడుపులో గాలితిత్తి యొకటి కలదు. చేప మునుగక తేలక నిలుచుట దానివలననే. దెబ్బకు ముందుగా చిట్లునది అదియే. ఎండ్రకాయలకు, రొయ్యలకు ఆ తిత్తి లేదు గనుక వానికి హాని తక్కువ. తిత్తి పగిలిన చేపలు పెక్కు అడుగునకు పోవును. పైకి తేలినవి చచ్చినవానిలో కొన్ని మాత్రమే. గంప నిండెనని సంతసించువాడు బురదలో కుళ్లుదానిని చూడడు.

నేటి ఇంజనీర్లు మందును చిన్నచిన్న పాళ్లుగ విభజించి, క్షణములో అల్పభాగము ఎడముగ ప్రేల్తురు. చుట్టును గాలిబుడగల తెర కట్టి దెబ్బను మెత్తపరతురు.

1897 నాటి మత్స్యచట్టము, చేపలను పట్టు లేక చంపు ఉద్దేశముతో నీటిలో డైనమైటు ప్రేల్చువానికి రెండు నెలలవరకు ఖైదు, లేదా 200 రూపాయలవరకు జుల్మానా విధించెను. రేవుకొరకు బండ పగులగొట్టువానికి ఆ ఉద్దేశము లేదు. చేపకు మాత్రము ఆ భేదము తెలియదు! పైగా అది బ్రిటిషు ఇండియా చట్టము. నాడు నిజాము రాజ్యములోనున్న మన సీమకు వర్తింపలేదు.

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించినది. భూపాలపల్లి జిల్లాలోని గణపసముద్రమును కాకతీయుల నాటిదే. నదిలో చేపకు ఎగువనుండి వచ్చు దారి కలదు. చెరువు నలువైపుల మూసిన పాత్ర. వానాకాలమున వదలిన పిల్లలను బెస్తవారు, ముదిరాజులు వేసవిలో పట్టుదురు. ఆ నడుమ పడిన ఒక్క తోటా వ్రేలెడేసి పిల్లలను ముందుగ చంపును. పెద్ద చేపలకన్న చిన్నవానికే ఆ దెబ్బ ఎక్కువ.