ఎల్దమొస్తవ: ఒక పాట వెనక కథ

రాప్ వినే మన కుర్రాళ్లకు 1979 నాటి 'రాపర్స్ డిలైట్' తెలిసే ఉంటుంది. అమెరికాలో హిప్ హాప్‌ను వీధుల్లోంచి రేడియోకు ఎక్కించిన పాట అది. దాని కింద మోగే బాణీ మాత్రం షిక్ బృందం 'గుడ్ టైమ్స్'ది. ఆ పాట కట్టిన నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పట్టుబట్టాకే వాళ్ల పేర్లు రచయితలుగా చేర్చారు.

అలాంటి కథ మన దగ్గరా ఉంది, 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పాటది. డీజే మోతలో దానికి గెంతేవాళ్లకు అది దేని గురించో తెలుసా అంటే అనుమానమే.

1967 అక్టోబరు 31. మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభ. పార్వతీపురం ఏజెన్సీ అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. సభకు వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న ప్రాణాలు విడిచారు. షావుకార్ల అప్పుల కింద పోడు భూములు పోగొట్టుకున్న సవరలు, జాతాపులు తిరగబడ్డారు. ముందు నిలిచిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. జముకుల కథతో ఊళ్లను కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయారు. మరుసటి జూలైలో సత్యం, కైలాసం కూడా. భూమి తగాదా వస్తే మన పెద్దలు నేటికీ చెప్పే 1/70 చట్టం ఆ 1970లో వచ్చిందే.

పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో కొంతకాలం పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఆ పోరాటాన్నే పాటగా కట్టారు. రమ్మని పిలిచేది షికారుకు కాదు, శ్రీకాకుళం కొండలకు. 'వెళ్దాం, వస్తావా' అని రాసుంటే ఆ పిలుపులో మన ఉత్తరాంధ్ర గొంతు ఉండేది కాదు.

2009లో 'మగధీర'లోని ఒక పాటలో ఈ పల్లవి వినబడింది. అనుమతి లేకుండా వాడారని వంగపండు గట్టిగానే అడిగారు. అడిగారు కాబట్టే అది ఎవరి పాటో చాలామందికి తెలిసింది. ఆయన 2020 ఆగస్టు 4న కన్నుమూశారు.

థింసా పాటలకు అలా అడిగే కవి ఒక్కడంటూ లేడు, ఊరంతా కలిసి కట్టినవి కదా. తుడుము, మోరి శబ్దాలను ఫోనులో పట్టి బీట్ల కింద వేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ ఊరి పేరు, వాయించిన పెద్దాయన పేరు వీడియో కింద రాయండి. ముందు ఆయన్ను అడిగి రాయండి.