పింగళుని ప్రత్యయాలు: లఘువుల లెక్క

షడ్వేదాంగాలలో ఛందస్సును వేదపురుషుని పాదాలుగా మన ప్రాచీనులు భావించారు. ఆ శాస్త్రానికి సూత్రకారుడైన పింగళాచార్యుడు క్రీస్తుపూర్వం 3-2 శతాబ్దాల వాడని పలువురు పండితుల అభిప్రాయం. ఎనిమిది అధ్యాయాల ఛందశ్శాస్త్రంలో చివరి అధ్యాయం గణితజ్ఞులకు సైతం ఆదరణీయం. ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం, లగక్రియ, సంఖ్య, అధ్వయోగం అనే షట్ప్రత్యయాలకు మూలం అదే.

గురులఘువుల సకల విన్యాసాలను నియత క్రమంలో వ్రాయడమే ప్రస్తారం. మూడక్షరాలకు ఎనిమిది విన్యాసాలు కలుగుతాయి. మగణంతో ఆరంభమై నగణంతో ముగిసే మ-య-ర-స-త-జ-భ-న వరుస ఇదే. ఒక్కొక్క అక్షరం చేరినకొద్దీ విన్యాసాల సంఖ్య రెట్టింపవుతుంది. ఆ విధంగా ఇరవై అక్షరాల కృతిచ్ఛందంలో అవి 10,48,576 అవుతాయి. ఇన్నింటిని వ్రాసి చూడడం దుస్సాధ్యం. వ్రాయకయే తెలుసుకొనే ఉపాయాలను తక్కిన ప్రత్యయాలు బోధిస్తాయి.

ప్రస్తారంలో ఒక వరుస లోపించినప్పుడు, దాని క్రమసంఖ్యను బట్టి స్వరూపాన్ని తిరిగి రాబట్టే ప్రక్రియ నష్టం. సంఖ్య సరి అయితే లఘువు వ్రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. ఆరవ గణాన్ని పరిశీలిద్దాం. 6 సరిసంఖ్య గనుక లఘువు, సగం 3. ఇది బేసి గనుక గురువు; ఒకటి కలిపి సగం చేస్తే 2. ఇది సరి గనుక మరల లఘువు. లఘువు, గురువు, లఘువు: ఇదే జగణం.

నేటి గణితభాషలో గురువును 0గా, లఘువును 1గా గ్రహించి, మొదటి అక్షరాన్ని ఒకట్ల స్థానంగా భావిస్తే, క్రమసంఖ్యలో ఒకటి తగ్గించిన సంఖ్యకు బైనరీ రూపం లభిస్తుంది. జగణానికి అది 5, అనగా 101. ఒకట్లు రెండు, లఘువులూ రెండే. మన ఉత్పలమాల కృతిచ్ఛందంలో 3,55,799వ వృత్తం. 3,55,798ని బైనరీలో వ్రాస్తే పన్నెండు ఒకట్లు వస్తాయి. ఉత్పలమాల పాదంలో లఘువులు సరిగా పన్నెండు, గురువులు ఎనిమిది.

ఒక సంఖ్య బైనరీ రూపంలో ఒకట్లు ఎన్ని అనేది నేడు ప్రోగ్రామింగ్ అభ్యసించేవారికి సుపరిచితమైన సమస్య. సంఖ్యను పదేపదే సగం చేస్తూ బేసి వచ్చినప్పుడెల్లా ఒకటి లెక్కించడం సహజమైన పరిష్కారం. నష్టవిధికి ఇది అతి సన్నిహితం. 1960లో పీటర్ వెగ్నర్ మరొక ఉపాయం ప్రకటించాడు. సంఖ్యలోను, దానికంటె ఒకటి తక్కువైన సంఖ్యలోను ఒకే స్థానంలో ఉన్న ఒకట్లను మాత్రమే నిలిపితే, కుడివైపు చివరి ఒకటి తొలగుతుంది. సున్న వచ్చేవరకు ఎన్నిసార్లు ఇలా చేశామో, ఒకట్లు అన్ని.

లగక్రియ మరొక ప్రశ్న వేస్తుంది: ఇన్ని లఘువులు గల వృత్తాలు ఎన్ని? త్ర్యక్షర గణాలలో లఘువు లేనిది ఒకటి, ఏకలఘువులు మూడు, ద్విలఘువులు మూడు, సర్వలఘువు ఒకటి. పదవ శతాబ్దంలో హలాయుధుడు మృతసంజీవని వ్యాఖ్యలో దీనిని మేరుప్రస్తారంగా వివరించాడు. అందులో పై రెండు గడుల మొత్తమే క్రింది గడి. ఉత్పలమాల వలె పన్నెండు లఘువులు గల కృతి వృత్తాలు 1,25,970 అని ఆ మేరువు తెలుపుతుంది. పాశ్చాత్యులు దీనినే పదిహేడవ శతాబ్దపు పాస్కల్ పేరుతో వ్యవహరిస్తారు.

ఇంతటి శాస్త్రాన్ని చూసి కంప్యూటర్‌ను పింగళుడే కనుగొన్నాడనడం అతిశయోక్తి. 0, 1 అంకెలతో కూడికలు, గుణకారాలు చేసే పద్ధతిని 1703లో ప్రకటించినవాడు లైబ్నిజ్. పింగళుని విచారణ అక్షరవిన్యాసాలకు సంబంధించినది. అయితే అపారమైన సముదాయాన్ని వ్రాయకుండానే, అందులోని ప్రతి అంశానికి స్థానాన్ని, ప్రతి స్థానానికి స్వరూపాన్ని నిర్ణయించే పద్ధతి ఆయనదే. ప్రత్యయమంటే నిశ్చయజ్ఞానం. పరీక్షకు నిలిచే ఈ నిశ్చయమే ఆయన కీర్తికి చాలు. లేనిది ఆరోపించడం ఆ ఆచార్యునికి గౌరవం కాదు.