ఇష్తిహార్‌లో జలీ ఏది, ఖఫీ ఏది?

పోయిన నెల మా భాంజీ ఫోన్‌లో ఒక కరపత్రం చూపించింది. "మామూ, రెండు వేల కాపీలు వేయిస్తున్నా. ఒకసారి చూసి చెప్పండి" అంది. నిఖాలో పెట్టిన కంగన్లు కుదువపెట్టి, రెండు మిషన్లు కొని, లేడీస్ టైలరింగ్ దుకాణం తెరిచింది పాపం. ఆ కాగితం మీద చాలా ఆశ పెట్టుకుంది.

పైన అరబీలో బిస్మిల్లా. దాని కింద పద్నాలుగు డ్రెస్సుల ఫోటోలు, ఆరు రంగులు, "హైదరాబాద్‌లోనే నంబర్ వన్" అని ఒక దావా. ఫోన్ నంబర్ మాత్రం అట్టడుగున, చీమలంత అక్షరాల్లో. బాగాలేదని చెప్పడం తేలికే. ఎందుకు బాగాలేదో చెప్పడానికి మాత్రం ఛత్తా బజార్ తారీఖ్ అంతా తవ్వాల్సి వచ్చింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నా.

పాతబస్తీలో చార్మినార్‌కు దగ్గరగా ఉన్న ఛత్తా బజార్ అంటే ప్రింటింగ్ ప్రెస్సులు, షాదీ రుక్కాలు, కాతిబ్‌లు. మన ఇళ్లలో ఎన్ని దావత్‌నామాలు అక్కడ అచ్చయ్యాయో లెక్కలేదు. దుకాణాల ఇష్తిహార్‌లూ ఆ కాతిబ్‌ల కలాల నుంచే వచ్చేవి. అచ్చు యంత్రం ఉండగా చేత్తో రాసేవాడి అవసరం ఏమిటంటారా? నస్తలీఖ్ ఖత్ వల్ల. అందులో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఏటవాలుగా దిగుతాయి, పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. సీసపు అచ్చుల్లో వాటిని పేర్చడం మహా ముష్కిల్. 19వ సదీ మొదట్లో కలకత్తాలో టైపుతో ఉర్దూ కితాబులు అచ్చువేశారు గానీ, కాతిబ్ రాతకు అలవాటుపడిన కళ్లకు అవి ఆనలేదు.

దారి చూపింది ఒక రాయి. జర్మనీలోని బవేరియాలో సెనెఫెల్డర్ అనే నాటక రచయిత 1790ల చివర్లో లిథోగ్రఫీ కనిపెట్టాడు. నూనె, నీళ్లు కలవవు అన్నదే అందులోని కిటుకు. కాతిబ్ జిడ్డు సిరాతో ప్రత్యేకమైన కాగితం మీద రాస్తాడు. ఆ రాతను సున్నపురాయి మీదికి దించుతారు. తడిపిన రాయి మీద అచ్చు సిరా పూస్తే అది రాత ఉన్నచోటే పట్టుకుంటుంది. 1820లలో ఈ పద్ధతి హిందుస్తాన్‌కు వచ్చింది. 1858లో లక్నోలో మొదలైన మున్షీ నవల్ కిషోర్ ప్రెస్ దీంతోనే ఉర్దూ, ఫార్సీ, అరబీ కితాబులను ఇల్లిల్లూ చేర్చింది.

రాయి మీదికి దిగిన రాతను దిద్దడం చాలా కష్టం. కాబట్టి కలం పట్టకముందే ఏం చెప్పాలో తేల్చుకోవాలి. కాతిబ్‌లకు రెండు మాటలున్నాయి: జలీ, ఖఫీ. జలీ అంటే వెడల్పు కలంతో రాసే పెద్ద రాత. ఖఫీ అంటే సన్న కలంతో రాసేది. అన్నీ జలీ అయితే ఏదీ జలీ కాదు. దూరం నుంచి కనబడాల్సిన ఒక్క మాట జలీలో, మిగతాది ఖఫీలో, చుట్టూ ఖాళీ హాషియా. ఇవాళ డిజైన్ క్లాసుల్లో ఫీజు కట్టి నేర్చుకునే సబక్ ఇదే.

చదువు రానివాళ్ల సంగతేమిటి? 1920లో హైదరాబాద్‌లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ సాహెబ్ జిందా తిలిస్మాత్ మొదలుపెట్టారు. దాని మీద బలమైన ఒక ఆఫ్రికన్ సిపాయి బొమ్మ. నిజాం ఫౌజులో ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేది, ఏసీ గార్డ్స్ మొహల్లాకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే రియాసత్‌లో ఆ ఒక్క బొమ్మను గుర్తుపట్టడానికి ఏ జుబాన్ రావాల్సిన పనిలేదు. పద్నాలుగు ఫోటోలు చెప్పలేనిది ఒక్క బొమ్మ చెప్పగలదు.

ఇక బిస్మిల్లా. కరపత్రం చేతిలో ఉండేది నిమిషమే, తర్వాత అది రోడ్డు మీద, కాళ్ల కింద. అల్లాహ్ నామానికి ఆ బేఅదబీ జరగకూడదనే మన పెద్దలు అబ్జద్ లెక్కలో బిస్మిల్లాకు వచ్చే మొత్తం 786 వేసేవాళ్లు. అంకె బిస్మిల్లాకు బదులు కాదనే ఉలమా కూడా ఉన్నారు. రెండు వైపులా ఉన్నది అదబే. నన్నడిగితే, పారేసే కాగితం మీద ఏదీ రాయకుండా, పంచేటప్పుడు నోటితో బిస్మిల్లా అనడం మేలు.

1981లో మిర్జా అహ్మద్ జమీల్ సాహెబ్ తయారుచేసిన నూరీ నస్తలీఖ్ వచ్చింది. కలిసిన అక్షరాల రూపాలు వేల సంఖ్యలో గీసి కంప్యూటర్‌కు అప్పగించారు. తర్వాత ఇన్‌పేజ్ వచ్చింది. ఛత్తా బజార్ కాతిబ్‌ల రోజీ కరిగిపోయింది. రాత ఆసాన్ అయింది గానీ, రాసేముందు ఆగి ఆలోచించే అలవాటూ దాంతోపాటే పోయింది.

ఇదంతా విని మా భాంజీ, "అయితే 'ఖడా దుపట్టా 10 రోజుల్లో' అని జలీలో వేస్తా" అంది.

"నిజంగా పది రోజుల్లో ఇవ్వగలవా?"

"షాదీల సీజన్‌లో పదిహేను పడుతుంది మామూ."

ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, లోపలి తడిని బయటపెట్టిన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం కిస్సా గుర్తుచేశాను. పైన పొడి, లోపల తడి ఉన్న సరుకు లాంటిదే అబద్ధపు ఇష్తిహార్. ఆ మాట ఒక అమానత్. పెళ్లికూతురు తారీఖ్ పెట్టుకుని ఎదురుచూస్తుంది.

చివరికి తయారైన కాగితం ఇలా ఉంది: ఒక ఖడా దుపట్టా బొమ్మ. "15 రోజుల్లో కుట్టి ఇస్తాం" అని జలీలో తెలుగు, కింద దాదీ, నానీలు చదువుకునేలా ఉర్దూ. పెద్ద అంకెల్లో ఫోన్ నంబర్, మస్జిద్ నుంచి దుకాణానికి దారి. "నంబర్ వన్" పోయింది. రెండు వేలు కాదు, ముందు ఐదు వందలే వేయించింది.

జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట నిలబడి, బిస్మిల్లా అని మొదటి కాగితం నాకే ఇచ్చింది. అల్లాహ్ ఆమె కారోబార్‌లో బరకత్ ఇవ్వాలి, ఆ కంగన్లు త్వరగా ఇంటికి రావాలి. మీరూ దుఆ చెయ్యండి.