రొట్టె ఇచ్చి నేర్చుకొన్న చదువు

శతవార్షికోత్సవ సంచికలో అమెరికా సాహిత్యమునకు పని యేమని పాఠకులు అడుగవచ్చును. మన సంఘముల చరిత్ర గుడితోపాటు బడితోను ముడిపడియున్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను చెన్నూరు ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదువుచుండగా, మా ఇంగ్లీషు మాస్టారు పాఠము ముగిసిన తరువాత హారియట్ బీచర్ స్టో వ్రాసిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ కథను మాకు తెలుగులో చెప్పెడివారు. 1852లో పుస్తకముగా వెలువడిన ఆ నవలను వ్రాసిన స్టో ఒక పాదిరిగారి కుమార్తె. టామ్ దెబ్బలు తిని మరణించిన కథ చెప్పిన దినమున తరగతి అంతయు కన్నీరు పెట్టుకొన్నది. అయితే మా వాడలోని తాతలు సంతకమునకు బదులు వ్రేలిముద్ర ఎందుకు వేయుదురని ఆనాడు మాలో ఒక్కరును అడుగలేదు. దూరపు కథకు ఏడ్చుట సులభము.

వేదాంత కళాశాలలో చేరిన పిమ్మట ఫ్రెడరిక్ డగ్లస్ స్వీయచరిత్ర నా చేతికి వచ్చెను. స్టో ఇతరుల బాధను వ్రాసెను. డగ్లస్ తాను అనుభవించినది వ్రాసెను. మేరీలాండ్ రాష్ట్రములో ఒక దాసురాలికి పుట్టిన ఈ బాలునికి, బాల్టిమోరులో యజమానురాలు అక్షరములు నేర్ప మొదలిడెను. చదువు వచ్చినవాడు దాసుడుగా నిలువడని ఆమె భర్త వెంటనే మాన్పించెను. ఆ మాటతోనే బాలునికి విడుదల మార్గము తెలిసెను. వీధిలోని పేద తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి వారియొద్ద చదువు నేర్చుకొనెను. 1838లో తప్పించుకొని పోయి, 1845లో తన కథను అచ్చు వేయించెను. నేడు అమెరికాలోని ఉన్నత పాఠశాలలలో దానిని సాహిత్య పాఠముగా చదువుచున్నారు.

ఒక వేసవి సెలవులలో మా సంఘములోని ఉన్నత పాఠశాల పిల్లలకు ఆ పుస్తకమును తెలుగులో వివరించి చెప్పితిని. ఒక బాలిక లేచి, “అయ్యగారూ, ఆ యజమానులు గుడికి పోతాండిరా?” అని అడిగెను.

పోవుచుండిరి. డగ్లస్ తరువాత తోమస్ ఆల్డ్ అను యజమానియొద్ద ఉండెను. ఆయన మెతడిస్టుల ఉజ్జీవ కూటములో విశ్వాసములో చేరెను. అటుపిమ్మట మరింత కఠినుడాయెను. వాక్యము వల్లించుచు ఒక అవిటి దాసురాలిని కొట్టెడివాడు. తోటి దాసులకు చదువు నేర్పుటకై డగ్లస్ పాల్గొన్న సబ్బాతు బడిని సంఘపు పెద్దలే కఱ్ఱలు పట్టుకొనివచ్చి చెదరగొట్టిరి. ఆ పుస్తకము వెలువడిన 1845లోనే, దాసులు గలవారిని మిషనెరీలుగా పంపవచ్చునా అను వివాదము మూలముగా దక్షిణ రాష్ట్రముల బాప్టిస్టులు వేరు సమాఖ్యగా ఏర్పడిరి. ఆ సమాఖ్య బహిరంగముగా పశ్చాత్తాపము తెలిపినది 1995లో. నూట యేబది సంవత్సరములు పట్టెను!

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. 1873లో జ్యోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ గ్రంథమును, దాసుల విడుదలకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితము చేసెను. డగ్లస్ మరణించిన 1895లోనే మన గుఱ్ఱము జాషువ వినుకొండలో జన్మించెను. క్రైస్తవ కుటుంబమున పుట్టి, ఉపాధ్యాయుడై, అస్పృశ్యత వలన కలిగిన అవమానములను సహించిన ఆయన 1941లో ‘గబ్బిలము’ వెలువరించెను.

లండన్ మిషను వారు 1822లో కడపలో పని ఆరంభించిరి. వారి పరిచర్యలో బడి ముఖ్యమైన భాగము. మన పూర్వికులలో ఎందరికో పలక అట్లు దొరికినది. అందుకు స్తోత్రము. అయితే అదే సంఘములలో కులమును బట్టి వేరు వరుసలు, వేరు సమాధి స్థలములు ఉండిన చోట్లు లేవా? కృతజ్ఞతతోపాటు ఆ మాటయు ఒప్పుకొన్నప్పుడే చరిత్ర నిజమగును.

కాబట్టి తలిదండ్రులకు నా మనవి. మీ వంశములో మొదట అక్షరము నేర్చినవారెవరో, ఎవరు నేర్పిరో, ఎవరు అడ్డగించిరో పెద్దలు బ్రతికియుండగానే అడిగి మీ పిల్లలచేత వ్రాయించుడి. ఇట్టి సంచికలలో పాదిరిగార్ల పేర్లు, దాతల పేర్లు ఉండును. మొదటి పలక పట్టిన ఆ అవ్వ పేరు, ఆ తాత పేరు మాత్రము ఇండ్లలోనే యున్నవి. ఆ బాలిక రేపు మన గుడిని గూర్చి అదే ప్రశ్న అడిగినప్పుడు, చూపించుటకు ఒక్క కాగితమైనను మనయొద్ద ఉండవలెను గదా!